లాభానికి నేను గీత పెట్టలేదు

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నం అయిందంటే చాలు, హెండర్సన్‌లో మా ఇంటి గరాజ్‌లోంచి నాన్న గొంతు వినిపించేది. "లాభం... రెండు... మూడు... నాలుగు..."

బియ్యం కొలుస్తున్నాడు అనుకునేరు. కాదు. పిస్టల్ తూటాల్లో మందు పోస్తున్నాడు.

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి మా నాన్న. తెనాలి వైపు నుంచి ఈ దేశం వచ్చి సెటిల్ అయ్యాక, ఎవరో కొలీగ్ తీసుకెళ్తే పిస్టల్ క్లబ్‌లో చేరాడు. లైసెన్సు, లాకరు అన్నీ పద్ధతిగానే. అక్కడితో ఆగాడా... టైర్ల షాపువాళ్ళు చక్రాల నుంచి పీకి పారేసే సీసం ముక్కలు తెచ్చి, కరిగించి, అచ్చులో పోసి గుళ్ళు తనే చేసుకోవడం మొదలెట్టాడు. అమ్మ పాత ఇనప గరిటె కూడా ఆ సీసంలో మునిగింది. "ఇంక అది నా వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు" అని అమ్మ తీర్పు చెప్పేసింది. నాన్న కూడా స్నానం చేశాకే అన్నానికి రావాలి.

నిజానికి నాన్నకి భయం ఎక్కువ. ప్రతి గుండునీ తూచేవాడు, కొలిచేవాడు. రవ్వంత లావుంటే మళ్ళీ కరగాల్సిందే. "గొట్టంలో బిగుసుకుంటే ఒత్తిడి పెరిగిపోతుంది తల్లీ. కుక్కర్‌కైతే విజిలుంది, దీనికి లేదు" అనేవాడు. సీసం కరిగించే రోజు నన్ను గరాజ్ దరిదాపులకే రానిచ్చేవాడు కాదు. మందు పోసే రోజు మాత్రం నేల మీద నీలం టేపు అంటించి, దాటావంటే వీపు విమానం మోతే అని బెదిరించేవాడు.

నాకు తొమ్మిదేళ్ళు. ఒక శనివారం ఏమీ తోచక పేచీ పెడితే, ఒక నోట్‌బుక్కూ పెన్సిలూ ఇచ్చి టేపుకి ఇవతల కూర్చోబెట్టాడు. "నేను అంకె చెప్పినప్పుడల్లా ఒక గీత పెట్టు" అన్నాడు. చెక్కపలకకి యాభై గుంటలు, గుంటకో ఖాళీ ఇత్తడి కేసు, అంటే తూటా తొడుగు. వరసగా ఒక్కోదాంట్లో కొలతగా మందు పోస్తూ పోవాలి.

"లాభం" అన్నాడు. నేను గీత పెట్టలేదు... నాకు తెలిసిన అంకెల్లో అది లేదు మరి. పని మొదలెట్టే ముందు దేవుణ్ణి తలుచుకునే మాటేమో అనుకున్నాను. "రెండు" అన్నాడు, అప్పుడు పెట్టాను మొదటి గీత. పది దాటితే నాకు తెలుగు అంకెలు అయోమయం. అందుకే గొంతు వినబడినప్పుడల్లా గీసుకుంటూ పోయాను.

ఇంతలో అమ్మ గబగబా వచ్చింది. "ఏమండీ, ఇండియా నుంచి ఫోను. అత్తయ్య బాత్రూంలో జారిపడ్డారట."

నాన్న ఉన్నపళంగా లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. "ఎందాకా వచ్చామే తల్లీ?" అన్నాడు. గీతలు లెక్కపెట్టి గొప్పగా "థర్టీ ఫోర్" అన్నాను. ముప్పై అయిదో కేసు నుంచి అందుకున్నాడు. "యాభై" అనేసరికి చివరి కేసు. లెక్క సరిపోయింది.

ఎప్పుడూ అయితే టార్చి వేసి ప్రతి కేసులోకీ తొంగి చూసేవాడు. ఆ రోజు చూడలేదు. గుళ్ళు బిగించేసి డబ్బాలో సర్దేశాడు.

సాయంత్రం అమ్మ వంటింట్లో బియ్యం కొలుస్తోంది. "లాభం" అంటూ ఒక గ్లాసు గిన్నెలో పోసింది. "రెండు" అంటూ ఇంకో గ్లాసు పోసింది. నేను గిన్నెలోకే చూస్తూ ఉండిపోయాను.

"అమ్మా... లాభం అంటే వన్నా?"

"అవునే. మొదటి కొలతని ఒకటి అనకూడదు, లాభం అనాలి. మీ నాయనమ్మ అలాగే అంటారు."

నాన్న పోసింది ముప్పై అయిదు, నేను చెప్పింది ముప్పై నాలుగు. అంటే ముప్పై అయిదో దాంట్లో రెండుసార్లు పోశాడు.

చెబుదామని వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాయనమ్మకి తుంటి ఎముక విరిగిందట, నాన్న ఫోను వదలడం లేదు. ఈ గొడవలో నా తప్పు ఒకటా... అనుకున్నాను. నాన్న పప్పన్నం కలుపుతుంటే ఆ వేళ్ళే చూస్తూ కూర్చున్నాను.

తెల్లారి ఆదివారం. "మళ్ళీ ఫోను వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది, క్లబ్బుకెళ్ళి వస్తా" అని నాన్న కారు స్టార్ట్ చేశాడు. నేను చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి కారు ముందు నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"నాన్నా, లాభానికి నేను గీత పెట్టలేదు."

ఒక్క క్షణం అర్థం కాలేదు నాన్నకి. తర్వాత మెల్లగా ఇంజిన్ ఆపేశాడు.

డబ్బాతో గరాజ్‌లోకి వెళ్ళి ఒక్కో తూటా ఊడదీసి, లోపలి మందు తూచడం మొదలెట్టాడు. నేను టేపుకి ఇవతలే గొంతుక్కూర్చున్నాను. సగం అయ్యాక చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తూచాడు. రెండింతలు ఉంది.

వచ్చి నా పక్కనే నేల మీద కూలబడ్డాడు. "తప్పు నీది కాదమ్మా. ఫోనొచ్చాక మొత్తం పారబోసి మళ్ళీ మొదట్నుంచీ పొయ్యాల్సింది. టార్చయినా వెయ్యాల్సింది. మందు రెండింతలైతే ఒత్తిడి రెండింతలతో ఆగదు... పిస్టల్ చేతిలోనే పగిలిపోయేది" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

నాయనమ్మ కోలుకుంది. నాన్న మాత్రం ఆ తర్వాత గరాజ్‌లో ఎప్పుడూ "లాభం" అనలేదు, "ఒకటి" అనే మొదలెట్టేవాడు. ఇప్పుడు చూపు ఆనడం లేదని పిస్టల్ కూడా ఇచ్చేశాడు. ఆ గరాజ్‌లో ఇప్పుడు పాత సూట్‌కేసులున్నాయి.

ఇదే ఊళ్ళో ఇంకో మూల, టకానినిలో మా ఇంట్లో మా అమ్మాయి రైస్ కుక్కర్ కప్పుతో "వన్, టూ" అంటూ బియ్యం పోస్తుంది. లాభం అనడం దానికి నేర్పాలా వద్దా అని నాకింకా తేలలేదు. మీ ఇళ్ళల్లో ఇంకా అంటున్నారా? అంటుంటే, అది ఎన్నో అంకో పిల్లలకి చెప్పారా?

మొన్న ఆదివారం నాన్న మా అమ్మాయికి జడ వేస్తుంటే, పక్కన కూర్చుని ఆ వేళ్ళు లెక్కపెట్టాను. అప్పట్నుంచీ ఉన్న అలవాటే... లాభం, రెండు, మూడు... పది.