గడప చెక్కతో కుంకుమ భరిణె

మండపేట దగ్గర పల్లెలో ఉన్న మా అత్తవారి పెంకుటిల్లును 2000 ఫిబ్రవరిలో పడగొట్టారు. ఆ స్థలంలో మా తోటికోడలి కొడుకు డాబా కట్టించాడు. గృహప్రవేశం మరుసటి ఏడాది మే నెలలో. నేనూ ఆ ఇంట్లో పదకొండేళ్లు కాపురం చేసినదాన్నే కాబట్టి, నేను పాఠాలు చెప్పే స్కూలుకు వేసవి సెలవులివ్వగానే సాయానికి వెళ్లాను.

కొత్త ద్వారబంధాలన్నీ టేకువి. పాత వీధి గడప మద్ది కర్ర. పొడవు నాలుగడుగుల రెండంగుళాలు, వెడల్పు ఏడంగుళాలు, మందం ఐదు. ఒక చివర నుంచి సగానికి పైగా చెదలు తినేశాయి. మిగిలినదాంట్లో కొంతమేర నిలువునా బీట పడింది. తుప్పు పట్టిన మేకులు కూడా ఉన్నాయి. పనికిరాదని మేస్త్రి అన్నాడు. నేను కొలిచి చూశాను. అతను చెప్పింది నిజమే.

మా తోటికోడలు ఒప్పుకోలేదు. ఇల్లు కడుతున్నంత కాలం ఆవిడ పెరట్లోని వంటపాకలోనే ఉంది.

“నా చేత్తో శుక్రవారం శుక్రవారం పసుపు రాసిన గడప అది. పొయ్యిలో పెడతారో గోదాట్లో కలుపుతారో మీ ఇష్టం. నేను మాత్రం ఆ కొత్త గడప దాటను,” అంది.

“మరి గృహప్రవేశం రోజున ఎక్కడుంటావమ్మా?” అని కొడుకు అడిగాడు.

“ఇక్కడే. మీరు పాలు పొంగించుకోండి. పొంగాక నాకో గ్లాసు కాఫీ పంపండి.”

ఆవిడ మాట అంటే వెనక్కి తీసుకునే మనిషి కాదు. గడప ఏదో ఒక రూపంలో కొత్త ఇంట్లో ఉంటే ఆవిడ లోపలికి వస్తుందేమోనని నాకు తోచింది. మండపేటలో లేతు మిషను మీద మంచంకోళ్లు చేసే ఒకాయన, విరిగిపోయిన కోళ్లతో కుంకుమ భరిణెలు కూడా చేసేవాడు. చెదలు తినని భాగం అడుగున్నర మిగిలింది. రెండు భరిణెలకు సరిపోతుందని లెక్క వేసుకుని, గడపను ఆటోలో వేయించుకుని వెళ్లాను.

ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు.

“తిప్పేది మిషను కాబట్టి దోషం లేదు గానండి, కొయ్యడమే తంటా. మేం కాలేసి తొక్కిపట్టి కోస్తామండి. గడప మీద కాలెలా వేస్తాం?”

“సామిల్లుకు పంపితే?”

“లోపల మేకు ముక్కలుంటాయని వాళ్లు ముట్టుకోరండి.”

చివరికి గడపను తన పాక గుంజకు తాళ్లతో బిగించి, రంపంతో నిలబడి కోశాడు. రెండు దిమ్మలు వచ్చాయి. గడపను తలకిందులు చేయకూడదని, ఒక్కో దిమ్మ పక్కన సుద్దతో పైకి చూసే బాణం గుర్తు వేశాడు. ముందు బీట లేని దిమ్మ తీసుకుని, బాణం చూపిన వైపే భరిణెకు మూతి పెట్టాడు. లోపలంతా తొలిచి, నున్నగా చేసి, లక్కతో మెరుగు పెట్టాడు. ఎర్రటి మట్టిరంగులో చాలా అందంగా వచ్చింది. తీసుకెళ్లి మా తోటికోడలి చేతికిచ్చాను.

ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

“బాగుంది. కొట్లో కొన్నట్టుంది. నా పసుపేదే?”

పసుపు ఉండేది గడప పై ముఖం మీద. ఆ వైపు ఉలి పెట్టి నున్నగా చేసినప్పుడు మొదట పోయింది ఆ ముఖమే. గడప మర్యాద తప్పకూడదని ఆయన పడిన జాగ్రత్త వల్లే పోయింది.

మర్నాడు ఆవిడే నాతో మండపేట బయలుదేరింది. సంగతి వినగానే ఆయన చిన్నబోయాడు.

“ఆ పొట్టు ఇంకా ఊడవలేదండి. మూటకట్టి ఇమ్మంటారా?”

“ఎందుకయ్యా, పులుసులో వేసుకోనా?”

మిగిలింది ఒక్క దిమ్మ, అదీ బీట ఉన్నది. దాన్ని తిరగేస్తే పసుపు అడుగున మిగులుతుందని ఆయన అన్నాడు. పసుపు నేలకు ఆనడానికి వీల్లేదని ఆవిడ అంది. అక్కడున్న ఒక పాత భరిణె మూతను తీస్తూ, పెడుతూ, ఆవిడే అడిగింది.

“ఈ మూతను దిమ్మలో ఏ వైపు నుంచి కోస్తావు?”

“పైనుంచేనండి.”

“అయితే నా గడప పైముఖం మూతవ్వాలి. దానికి ఉలి తగలకూడదు. అంచు మాత్రం గుండ్రంగా చెయ్యి.”

“చేస్తానండి. కానీ బీట ఉంది కదండి. ఆ వేగానికి రెండు ముక్కలైపోద్ది.”

“నెమ్మదిగా తిప్పు.”

“మోటారుకి నెమ్మది తెలీదండి. బెల్టు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పాలి. నాకు రెండు చేతులూ ఉలి మీదే ఉంటాయి.”

ఆవిడ కొంగు నడుముకు దోపింది. “లే. ఎక్కడ పట్టుకోవాలో చూపించు. రుబ్బురోలు తిప్పిన చేతులివి.”

ఆయన ముందుగా లక్క కరిగించి బీటలో పోశాడు. అది గట్టిపడ్డాక పని మొదలైంది. ఆవిడ అలిసిపోతే నేను, నేను అలిసిపోతే ఆవిడ చక్రం తిప్పాం. ఒకసారి చెక్క కిర్రుమంది. ముగ్గురం ఆగిపోయాం. ఆయన గోటితో బీట పొడవునా తడిమి చూసి, “లక్క పట్టిందండి, కానివ్వండి,” అన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మూత వచ్చింది, తర్వాత గిన్నె.

మూత పై ముఖం ఎప్పటిలాగే గరుకుగా ఉంది. పొరలు పొరలుగా పట్టిన పసుపు, అక్కడక్కడ నల్లబడిన కుంకుమ బొట్లు, మేకు ఊడిన చిల్లు ఒకటి. ఆవిడ బొటనవేలితో ఒకసారి రాసి, భరిణెను కొంగులో పెట్టుకుంది.

తిరుగు దారిలో ఆటో ఊరి మలుపు తిరిగాక అడిగింది.

“ఇంతకీ ముహూర్తం ఎన్నింటికే?”

ఆ సంగతి ఆవిడ అంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు. పొద్దున్న ఏడూ ఇరవైకని చెప్పాను.

“అయితే నాలుగింటికే లేవాలి. ఆ టేకు గడపకు పసుపు రాయాలని ఒక్కరికైనా తోచి ఉండదు.”