పళ్ళెంలో మిగిలిన మూల

హాలిఫాక్స్ పొగమంచు సముద్రం మీది నుంచి నడిచి వచ్చి బాలత్రిపురసుందరి గారి వంటింటి కిటికీ దగ్గర ఆగుతుంది. లోపల గ్యాస్ స్టవ్ మీద బోర్లించిన కుండ ఉంటుంది. ముప్పై ఏళ్ళ కిందట ఆత్రేయపురం నుంచి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి వేడి కుండ మీద ఒక్కసారి లాగితే, రెప్పపాటులో పొర. ఎత్తి పట్టుకుంటే అవతలి గోడ కనిపిస్తుంది.

ఆవిడ పుట్టిన వీధిలో పండగ నాటి మొదటి పూతరేకు, ఆ ఇంట్లో పోయినవాళ్ళలో తీపిని ఎక్కువ ప్రేమించినవాళ్ళది. ఈ ఇంట్లో అది ఆవిడ భర్త రాఘవయ్య గారిది. కళ్ళు మూసుకుని తిని, ఏ రేకు ఎవరి చేతిదో చెప్పేవారాయన. చివర గోరంత మూల మాత్రం వదిలేసేవారు.

"దీని కోసమైనా మళ్ళీ ఏడు రావాలిగా, సుందరీ."

2018లో ఆయన పోయారు. ఆ దీపావళి మధ్యాహ్నం గాజు వరండాలో మొదటి రేకు పెట్టి తలుపు వేశారావిడ. దీపాల వేళకు తీస్తే పళ్ళెంలో మూల ఒక్కటే ఉంది. నాలుగు పండగలు అలాగే గడిచాయి. తరువాత రెండేళ్ళూ మూల కూడా మిగలలేదు.

ఈ దీపావళికి ఆవిడ కుండను పాత చీరలో చుడుతుంటే, రెండేళ్ళుగా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న కరీంనగర్ అమ్మాయి స్నేహ పైకి వచ్చింది.

"ఈసారి పూతరేకుల్లేవా ఆంటీ? కాలేజీలో అందరూ అడుగుతున్నరు."

"ఎవరికని చెయ్యనే? రెండేళ్ళుగా మీ అంకుల్ మూల కూడా ఉంచలేదు. ఇక రానని చెప్పేసినట్టేగా."

స్నేహ ముఖం పాలిపోయింది.

"తిట్టకండి ఆంటీ. అవి నేనే తిన్న. షిఫ్ట్ నుంచి ఆకలితో వరండా బయటి తలుపు నుంచి వచ్చిన. నెయ్యి వాసనకు ఆగలేకపోయిన."

ఆవిడ కుండను బల్ల మీద పెట్టేశారు.

"దొంగమొహమా. మూలైనా ఉంచలేకపోయావుటే?"

"అంత మంచిగుంటే ఎట్లుంచాలె?"

ఆవిడ నవ్వారు. చీర విప్పి కుండను మళ్ళీ స్టవ్ మీదికి ఎత్తారు. అప్పుడు స్నేహకు అనుమానం వచ్చింది.

"మరి నేను రాకముందు ఎవరు తిన్నరు ఆంటీ?"

ఆవిడ గుడ్డ పిండిలో ముంచారు.

మొదటి రేకును ఈసారి స్నేహే వరండాలో పెట్టింది. బయటి తలుపుకు గడియ వేసి, లోపలి తలుపుకు తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. పొగమంచు గాజును ఆనుకుని నిలబడింది. నాలుగు దాటేసరికి ఆమె వెనక సన్నగా చప్పుడైంది, ఎండుటాకును ఎవరో మెల్లగా విరిచినట్టు. వంటింట్లో ఆవిడ చెయ్యి కుండ మీద ఆగింది.

దీపాల వేళకు తాళం తీశారు. పళ్ళెంలో గోరంత మూల ఉంది. దాని అంచున నెయ్యి ఇంకా తడిగా ఉంది.

"వచ్చే ఏడుకి బియ్యం ఇంకాస్త ఎక్కువ తెప్పించాలే," అన్నారావిడ, పళ్ళెం వైపే చూస్తూ.

స్నేహ తాళంచెవిని మళ్ళీ గుప్పిట్లో బిగించింది.