గట్టి బుష్షులు

ఈ మెకానిక్‌కి చెయ్యి తిరిగినవాడని పేరు. ఆ పేరును అందరికంటే ముందు తనే నమ్మేశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అతని అక్కకు నడుము ఆపరేషన్ అయింది. వారం వారం ఆస్పత్రికి వెళ్లేది బావ కారులోనే. ఆ కారు కింద, చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతికీ బండి ఒంటికీ మధ్య రబ్బరు బుష్షులుంటాయి. గుంతల దెబ్బను మింగేవి అవే. ఇతను వేసినవి రెండుసార్లు కొన్నాళ్లకే చిరిగిపోయాయి. "నాసిరకం సరుకు అంటగడతావా?" అని విడిభాగాల షాపాయన్ని నలుగురిలో దులిపేసి, రబ్బరుకు బదులు గట్టి ప్లాస్టిక్‌లాంటి పాలీయురేథేన్ బుష్షులు తెచ్చి బిగించాడు. స్టీరింగ్ పట్టుకుని బండిని ఒక చుట్టు తిప్పి చూశాడు. మలుపుల్లో బండి గీత గీసినట్టు పోతోంది. "ఇక జన్మలో చూడక్కర్లేదు బావా" అని మీసం మెలేశాడు. వెనక సీట్లో ఒక్కసారి కూర్చుని చూద్దామన్న ఆలోచన మాత్రం ఆ మహానుభావుడికి రాలేదు.

ఆరు నెలల తర్వాత, బావకు తీరిక లేకపోతే అక్కను తనే తీసుకెళ్లాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆమె రెండు చేతులూ సీటుకు ఆనించి ఒళ్లు పైకి లేపుకుంటోంది.

"నొప్పిగా ఉందా అక్కా?"

"కొంచెం. బండి గట్టిపడిందిగా. నువ్వు ఏరికోరి వేశావు కదాని చెప్పలేదురా."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే పాలీ బుష్షులు పీకేసి కొత్త రబ్బరువి ఎక్కించాడు. ఎప్పటిలాగే చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించి జాకీ దించాడు. ఈసారి ఎందుకో టార్చి వేసి చూశాడు. కొత్త రబ్బరు అప్పుడే తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి ఉంది. బండి బరువు చక్రాల మీద పడ్డాక బిగించాల్సిన బోల్టులవి. ఇన్నాళ్లూ రబ్బరును చింపింది తన చేతులే. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా బోల్టులు వదులు చేసి, బండి నేలమీదే ఉండగా కిందికి దూరి మళ్లీ బిగించాడు. ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సరిపోయేది.

తర్వాతి వారం కూడా తనే తీసుకెళ్తుంటే అక్క వెనక సీట్లో హాయిగా జారబడింది.

"ఈసారి షాపాయన మంచి సరుకే ఇచ్చాడన్నమాట. పాపం, నిన్ను రెండుసార్లు మోసం చేశాడు" అంది.

"ఆయన తప్పేం లేదక్కా" అన్నాడు. "బిగించడం నాకే చేతకాలేదు. నెపం రబ్బరు మీదకి నెట్టేశాను."

అక్క జారబడినది కాస్తా లేచి కూర్చుంది.

"అయితే ఈ ఆర్నెల్లూ నేను ఊరికే నొప్పి పడ్డానా?"

కోపంగా అడిగినా బాగుండేది. తెలుసుకుందామని మామూలుగా అడిగింది. అతను ముందున్న స్పీడ్ బ్రేకర్‌ను చూసి బండిని నడక వేగానికి తగ్గించాడు.