దళం కాదు సార్, మేళం

మా చిన్నమ్మ గజ్జె కట్టి అడుగు వేస్తే ఎక్కడో సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు లయ తప్పి, చీర నేయబోయి దుప్పటి నేసేవి. నేను కొంచెం పెంచి చెబుతానని మావాళ్లు అంటారు. ఇక చెప్పబోయేదాన్ని మాత్రం పెంచలేదు. పెంచే పని ఆ రోజులు నాకు మిగల్చలేదు.

అడవిలోని దళాల అన్నలూ పోలీసులూ ఊళ్లను చెరో చేయి పట్టి లాగుతున్న రోజులవి. రాత్రి నలుగురు గుమిగూడితే తప్పు. భాగోతాలు ఆగిపోయాయి. బోయినపల్లి దగ్గర ఒక బడి పెద్దసారు మా మేళాన్ని పట్టపగలే ఆడమని పిలిచాడు. అక్కడి పిల్లలు భాగోతం చూసి ఎరగరు. చిన్నమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి, తన తర్వాత రాణి వేషం కట్టేవాళ్లు లేరు. "గా ఆడపోరలల్ల ఒక్కతన్న చూసి నేర్సుకోదా" అని బయలుదేరింది.

కోరుట్ల దాటగానే బస్సు ఆపారు. పోలీసు జమేదారు మా మూట విప్పాడు.

"ఏ దళంరా మీది?"

"దళం కాదు సార్, మేళం. భాగోతమోళ్లం."

"మరి గీ గజ్జెలేంది?"

"గజ్జెలు లేకుంటె ఆట ఎట్ల సార్?"

"మేళమైనా దళమైనా గజ్జెలు గజ్జెలే. ఠాణాల ఉంటయి, పో."

గజ్జె కట్టి పాడేవాళ్లంతా అన్నల మనుషులేనట. ఆ పాటలు పుట్టకముందే మా తాతలు గజ్జె కట్టిన సంగతి ఏ ఠాణాలో చెప్పుకోవాలి?

బడి చేరేసరికి మరో హుకుం. అన్నల కబురు వచ్చిందని పెద్దసారు గొంతు తగ్గించాడు. "రాజు వేషం వద్దన్నరు. రాజంటె దొరేనట."

ఒకడు ఆటకు కాళ్లు నరికాడు, ఇంకొకడు తల నరికాడు. ఇద్దరిలో ఎవడూ ఒక్కనాడైనా మా ఆట కూర్చుని చూసినవాడు కాదు.

చిన్నమ్మ అప్పటికే ముఖానికి రంగు పూసుకుని ఉంది. "గజ్జె లేంది నేను అడుగు పెట్ట కొడుకా. నువ్వు పో. నీ నోటికి ఏ గజ్జె కావాలె."

మేళంలో హాస్యగాణ్ని నేనే, పోయాను. రాజుగారు దుబాయ్ పోయాడని, అక్కడ ఒంటెలకు గడ్డి వేస్తున్నాడని, రాణికి ఒక ఒంటెతో కబురంపాడని నోటికొచ్చినట్టు కోతలు కోశాను. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. భాగోతమంటే ఒకడు నిలబడి అబద్ధాలు చెప్పడమేనని ఆ ఊరు ఇప్పటికీ అనుకుంటోంది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆట ముగిశాక చిన్నమ్మ బోరింగు దగ్గర రంగు కడుక్కుని, పాత చీర కట్టుకుంది. ఒక చిన్న పిల్ల దగ్గరికొచ్చి అడిగింది.

"అవ్వా, నువ్వు మా బడి ఊడ్వ అచ్చినవా?"

"ఔ బిడ్డా" అంది చిన్నమ్మ.