మా బాల్కనీలో దొరికిన కొత్త పిట్ట

మొన్న మా ఇందిరాపురం బాల్కనీలో సైన్సుకి తెలియని పిట్ట ఒకటి దొరికింది. దాని సంగతి ఇవాళే చెప్పేయాలి. రేపటికి నాకు గుర్తుంటుందో లేదో.

గాలిలో పొగ పెరిగితే పాడే పిట్టలు ఏమవుతాయో చూసే పరిశోధనలో నేను టెక్నీషియన్ని. అరవై తొమ్మిదేళ్ళకి మెడలో ఐడీ కార్డు. పుస్తకాలు చదివి పిట్టల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నానని ఇచ్చారు. బాల్కనీలో ఒక రికార్డర్, పొగ కొలిచే మీటరు పెట్టారు. తెల్లారగానే రికార్డర్ ఆన్ చేసి, అరగంట పక్కనే కదలకుండా కూర్చుని, ఏ పిట్ట వచ్చిందో రాయాలి. నాకు మతిమరుపు మొదలైందని మాత్రం వాళ్ళకి చెప్పలేదు. చెబితే ఆ రెండు పెట్టెలూ ఇంకో బాల్కనీకి పోతాయి.

మొన్న సాకేత్‌లో ఉన్న వాళ్ళ ఆఫీసుకి రమ్మన్నారు. మా ప్రాజెక్టు చూసే నేహా మొహం వెలిగిపోతోంది.

"ఆంటీ, పొగ పెరిగితే అన్నీ పాట తగ్గిస్తున్నాయి. ఒక్కటి మాత్రం ఇంకా ఎక్కువ పాడుతోంది. ఏ పిట్టో కంప్యూటర్‌కి తెలియట్లేదు. మీరు చూసే ఉంటారు," అంది హిందీలో.

స్పీకర్ పెట్టింది. గువ్వ గొణిగినట్టుంది. సౌండ్ పెంచింది.

"గ్యాస్ కట్టేశాను. బీపీ మాత్ర వేసుకున్నాను. తాళంచెవి కొంగున ఉంది. గ్యాస్ కట్టేశాను..."

నా గొంతే. మర్చిపోకుండా మనసులో అనుకుంటున్నాననుకున్నాను. నెల రోజులుగా పైకే అంటున్నానన్నమాట. పొగ ఎక్కువున్న రోజున కిటికీలు మూశాను, ఇన్‌హేలర్ పీల్చాను అనేవి కూడా చేరేవి. పాట పెరగక ఏం చేస్తుంది?

"యే తో ఆప్ హైఁ, ఆంటీ. మీ గొంతే," అంది నేహా. మొహంలో దీపం ఆరిపోయింది. "క్యా బోల్ రహీ హైఁ? ఏమంటున్నారు?"

ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

"స్తోత్రం, బేటీ. రోజూ చదువుకుంటాను."

"అచ్ఛా. అది లోపల చదువుకోండి, ప్లీజ్. నెల రికార్డింగ్ అంతా పోయింది."

మర్యాదగానే అంది. ముసలివాళ్ళకి మర్యాదకేం కొదవ.

మర్నాడు పెదాల మీద వేలేసుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క అనలేదు. పిగిలిపిట్ట ఒకటి రెయిలింగ్ మీద వాలి హాయిగా అందుకుంది. ఇన్నాళ్ళకి శుభ్రమైన రికార్డింగ్ అని మురిసిపోతుంటే, పాట మధ్యలో తెగింది. పిట్ట తుర్రుమంది. నాకన్నా దానికే ముందు తెలిసింది. వెనక్కి తిరిగితే వంటింట్లోంచి నల్లటి పొగ. పాలగిన్నె మాడి బొగ్గయింది.

మధ్యాహ్నం నేహా ఫోన్ చేసింది.

"ఆంటీ, కమాల్ హో గయా. పొగ ఒక్కసారిగా పెరిగింది, ఆ నిమిషంలోనే పిట్ట ఆగిపోయింది. ఇంత క్లియర్ డేటా ఎక్కడా రాలేదు. పక్కన ఎవరైనా చెత్త తగలబెట్టారా?"

"హాఁ బేటీ," అన్నాను. "పక్కవాళ్ళే."

పొగకి పిట్ట నోరు మూసుకుంటుందని తేలిందట. ముసలిది కూడా మూసుకుంటుందని ఎవరూ రాసుకోలేదు.