ఎవరిని ఎవరు మోసుకొచ్చారు

సైన్యంలో కలిసి పనిచేసిన మా ఇద్దరిలో ఎవరు పెద్ద అన్న సంగతి ఇంతవరకూ తేలలేదు. బడి రికార్డు ప్రకారం నేను మూడు నెలలు పెద్ద. అతని తల్లి చెప్పినదాని ప్రకారం అతనే పెద్ద. అతని కూతురు నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది, అది వాళ్ళ నాయన నేర్పిన పిలుపు. పిలిచిన ప్రతిసారీ నాకు లోపల చురుక్కుమంటుంది. యాభై దాటిన మనిషికి ఇదేం పంతమని మా ఆవిడ తిడుతుంది.

నాది కురబలకోట దగ్గర పల్లె, అతనిది కుప్పం. పట్టాళంలో చేరిన రోజున ఇద్దరం ఒకే వరసలో నిలబడ్డాం. ఒకే జిల్లావాళ్ళు కదా, కలిసిపోతారనుకుని మా సుబేదారు మమ్మల్ని జతగా వేశాడు. జత అంటే ఒకరి ప్రాణానికి ఒకరు పూచీ. ఒకడు కునుకు తీస్తే ఇంకొకడు కాపలా ఉండాలి, ఒకడు ముందుకు పోతే ఇంకొకడు వెనక తుపాకీ పట్టుకుని కాచుకోవాలి. కానీ మొదటి వారం నుంచే మేము ఉప్పూ నిప్పూ. పరుగులో అతను ముందు, గురి కొట్టడంలో నేను ముందు. అతని తెలుగులో సగం అరవమేనని నేను వెక్కిరించేవాణ్ణి. మా పల్లెలో మనుషుల కంటే గొర్రెలే ఎక్కువని అతను వెక్కిరించేవాడు. మొదటి ప్రమోషన్, లాన్స్ నాయక్ పట్టీ, నాకంటే ముందు అతనికి వచ్చిన రోజు నేను మెస్‌లో అన్నం ముట్టలేదు. కడుపు నొప్పి అని చెప్పాను. అతను నమ్మలేదు. సాయంత్రం తన పెట్టెలోంచి రెండు చెనక్కాయల ఉండలు తీసి నా దిండు పక్కన పెట్టి పోయాడు. జాలిపడుతున్నాడని ఒళ్ళు మండింది. అయినా తిన్నాను.

ఆ తర్వాత కొండల మీద యుద్ధం వచ్చింది. మాకు తుపాకీ గుళ్ళ పెట్టెలు పైకి చేర్చే పని పడింది. ఒక ఉదయం ఇద్దరం ఒకే పెట్టెను చెరో పక్క పట్టుకుని ఎక్కుతున్నాం. బరువంతా నా వైపే వాలుస్తున్నావని నేను తిడుతున్నాను. తిట్టు పూర్తి కాకముందే షెల్ పడింది.

ఆ తర్వాతిది నాకు ఒక్క ముక్కే మిగిలింది. నేను ఎవరి భుజం మీదో బస్తా మాదిరి వేలాడుతున్నాను. తలకిందులుగా రాళ్ళు కనబడుతున్నాయి, వెనక్కి పోతున్నాయి. చెవులు పని చేయడం లేదు. మోస్తున్న మనిషి చొక్కా కిరసనాయిలు వాసన వేస్తోంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కింద వైద్యం చేసే డేరాలో ఉన్నాను. పక్క స్ట్రెచర్ మీద అతను. నా తొడ చీలిపోయింది, అతని కుడి భుజం విరిగింది. మీలో ఎవరు ఎవరిని తెచ్చారని డాక్టరు అడిగాడు. నేను అతని వైపు చూపించాను. సరిగ్గా అప్పుడే అతను నా వైపు చూపించాడు. డాక్టరు నవ్వి ఏదో రాసుకున్నాడు. కొన్నాళ్ళకు ఇద్దరికీ చెరో ప్రశంసా పత్రం వచ్చింది, గాయాలతో ఉండి కూడా ఒకరినొకరు కాపాడుకున్నామని.

నేనైతే అడుగు వేయలేని స్థితిలో ఉన్నాను. కాబట్టి మోసింది అతనే. ఇందులో నాకు అనుమానమే లేదు. విరిగిన భుజంతో ఎలా మోశాడంటే, అతను అంత మొండివాడు. మరి డాక్టరుకు నన్నెందుకు చూపించాడు? పట్టీ ఎలాగూ తను తీసుకున్నాడు, ఈ పేరైనా వీడికి వదిలేద్దామని భిక్ష వేశాడనుకున్నాను. ప్రాణం నిలబెట్టినవాడి మీద ప్రేమ ఉండాలి. నాకు ప్రేమ ఉండేది, దాంతో పాటు మంటా ఉండేది. ఏది ఎక్కువో నాకే తెలిసేది కాదు.

పాతికేళ్ళు ఇలాగే గడిచాయి. నేను మదనపల్లెలో ఒక బ్యాంకు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాను. అతను కుప్పంలో రెండెకరాల్లో మల్బరీ పెట్టుకున్నాడు. మా ఆవిడకు బెంగుళూరులో ఆపరేషన్ అయితే, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ కుప్పం నుంచి రైల్లో అన్నం క్యారియర్ తెచ్చాడు. అతని కూతురి పెళ్ళిలో నేను ఈ కుంటి కాలితోనే మూడు రోజులు బంతుల్లో వడ్డించాను. అతను చేసినదానికంటే ఒక పిసరు ఎక్కువ చేయాలని నాకు ఉండేది. అతనికీ అంతే. కూతుర్ని పుంగనూరులో ఇచ్చాడు, ఆ అమ్మాయి అక్కడే ఆసుపత్రిలో నర్సు. అతను నెలకోసారి కూతుర్ని చూడడానికి వస్తాడు, ఆ రోజుకు నేను మదనపల్లెలో బస్సెక్కుతాను. సంగటి తింటాం, వాదించుకుంటాం, ఎవరి ఊరికి వాళ్ళం పోతాం.

పోయిన నెల నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి వాళ్ళ నాయన భుజానికి మందు రాస్తోంది. నొప్పి ఎక్కువైతే ఆ వారమే ఎక్స్‌రే తీయించిందట. ఆ భుజం మీదేనమ్మా మీ నాయన నన్ను మోసుకొచ్చింది అన్నాను నేను, ఎప్పుడూ అనే మాటే. అతను ఎప్పటిలాగే కస్సుమన్నాడు. అబద్ధాలాడొద్దు, మోసింది నువ్వు, విరిగిన భుజంతో నేనెట్లా మోస్తాను అన్నాడు. చీలిన తొడతో నేనెట్లా మోస్తానని నేను అడిగాను. నీ మొండితనం నాకు తెలీదా అన్నాడు.

ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు నిలబడగలిగారా అని నన్ను నిదానంగా అడిగింది. లేదన్నాను. వాళ్ళ నాయన వైపు తిరిగింది.

"ఈ ఎముక రెండు సోట్ల ఇరిగుండాది నాయనా. ఇది ఇరిగినోడు బిందె గూడా ఎత్తలేడు. సిన్నాయన కాలు సూస్తే నిలబడే పనే లేదు. మీ ఇద్దుర్నీ ఎత్తుకొచ్చినోడు ఇంగొకడు ఎవరో ఉండాడు."

అతను నా వైపు తిరిగి, మోసుకొచ్చేటప్పుడు నీకేమైనా వాసన వచ్చిందా అని నన్నడిగాడు. కిరసనాయిలు అన్నాను. అతను తల పట్టుకున్నాడు. అతనికి మిగిలిన ముక్క కూడా అదేనట, తలకిందులుగా పోయే రాళ్ళు, కిరసనాయిలు. ఆ పొద్దున స్టవ్‌లో కిరసనాయిలు పోసింది నేనని అతను, అతనని నేను, అందుకే చొక్కాకు ఆ వాసనని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాం.

కిరసనాయిలు డబ్బాలు మోసింది మేము కాదు. ఆ కొండ ఊళ్ళ కూలీలు మోసేవాళ్ళు. ఏ జాబితాలోనూ పేరు లేని మనుషులు. వాళ్ళలో ఒకడు ఆ వాలు మీద రెండుసార్లు దిగాడు, ఒకసారి నా కోసం, ఒకసారి అతని కోసం. డేరాలో మేము ఒకరినొకరు చూపించుకుంటున్నప్పుడు బహుశా గుమ్మం దగ్గరే నిలబడి ఉండి ఉంటాడు. మళ్ళీ డబ్బా ఎత్తుకుని పైకి పోయి ఉంటాడు. తిరిగి దిగాడో లేదో కూడా మాకు తెలియదు. అతని మొహం గుర్తు తెచ్చుకోవాలని ఇద్దరం తంటాలు పడ్డాం. అందులోనూ పోటీయే, గడ్డం ఉందని అతను, లేదని నేను. రెండూ ఊహలే. నాకు చాలా సిగ్గేసింది. మా అమ్మ ఊళ్ళోవాళ్ళ చేలల్లో కూలి చేసి నన్ను పెంచింది. కూలిమనిషి మొహం చూడకుండా మాట్లాడేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ కోపం. నేనూ ఆ వరసలోనే ఉన్నానని పాతికేళ్ళ తర్వాత తెలిసింది.

ఇంకొకటి కూడా అప్పటి నుంచి నా బుర్ర తినేస్తోంది. ఏ మనిషీ చేయలేని పని అతను చేశాడని నేను నమ్మాను. నేను చేశానని అతను నమ్మాడు. ఇద్దరిలో ఒక్కరికైనా అనుమానం రావాలి కదా. ఇంతలా తిట్టుకుంటూ, ఒకరి గురించి ఒకరం అంత గొప్పగా ఎలా అనుకున్నామో నాకు అంతుపట్టడం లేదు.

ఆ రోజు వాదన లేకుండానే భోజనం అయింది. అతను నాతో పాటు బస్టాండు దాకా వచ్చాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాక, కింద నిలబడి అడిగాడు.

"నన్ను మోసింది నువ్వు గాదంటే, నీ మూతి ముడుపులు ఇన్నేండ్లు యాల ఓర్సుకుంటినప్పా నేను?"

ఎందుకు ఓర్చుకున్నామని నేను అడగాలనుకున్నదీ అదే. ఈసారి కూడా అతనే ముందయ్యాడు. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. అతను ఎడమచేత్తో కిటికీ కమ్మీ పట్టుకున్నాడు.

"వచ్చే నెల వస్తావు కదప్పా?"

ఇన్నేళ్ళలో ఈ మాట అతను ఒక్కసారీ అడగలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు. ప్రాణం నిలబెట్టినవాణ్ణి చూడడానికి పోకుండా ఎలా ఉంటాం? ఇప్పుడు పోకపోయినా తప్పులేదు, అతను రాకపోయినా తప్పులేదు. ఆ సంగతి అతని మొహంలో కనబడింది. యుద్ధంలో కూడా ఆ మొహంలో నేను భయం చూడలేదు. వస్తానన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. అతను అడగలేదు.