ఆమె చెయ్యి పట్టుకున్నది తర్వాతే

విమానాన్ని మళ్ళీ పైకి లేపాల్సింది. లేపకుండా దించాను. ఆ రోజు నా మొదటి తప్పు అది.

నల్లవాళ్ళకీ మొదటిసారి ఓటు వచ్చిన ఎన్నికలు జరిగిన మరుసటి ఏడు. మన దేశం నుంచి చక్కెర మిల్లులో ఉద్యోగానికి వచ్చి, షాల్‌క్రాస్ అనే భారతీయుల పేటలో ఒక తెలుగు పెద్దావిడ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ పూర్వీకులు చెరుకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లో ఎవరూ విమానం ఎక్కలేదు. దగ్గర్లోని ఫ్లయింగ్ క్లబ్బులో నేను చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాను. లైసెన్సు రాగానే ముందు ఆవిడనే ఎక్కించుకుంటానని మాటిచ్చాను.

స్టాంగర్ ఊరి దాకా చెరుకు తోటలు చూపించి తిరిగొస్తున్నాం. రన్‌వే ఎదురుగా కనిపించేసరికి ఉండాల్సినదానికన్నా చాలా ఎత్తులో ఉన్నాను. విమానం ముక్కు కిందికి వంచితే వేగం పెరిగింది. వెనకనుంచి గాలి తోస్తోంది. మూడు వందల అడుగుల దగ్గర విమానం కుదురుకోకపోతే ఇంకేమీ ఆలోచించకుండా పైకి లేపి, చుట్టు తిరిగి రమ్మని మా శిక్షకుడు ఎన్నిసార్లు చెప్పాడో. కుదురుకోలేదు. క్లబ్బు వరండాలో తెల్లవాళ్ళు టీ కప్పులు పట్టుకుని చూస్తున్నారు. సభ్యుల్లో భారతీయుణ్ణి నేనొక్కణ్ణే. వాళ్ళ ముందు దిగలేక తిరిగిపోవడం నామోషీ అనిపించింది.

చక్రాలు నేలను కొట్టాయి. విమానం ఎగిరి మళ్ళీ పడింది. ముందు చక్రం విరిగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది మొదటి దెబ్బ తర్వాతే. ప్రమాదం ఎలా జరిగిందో రాసే క్లబ్బు కాగితంలో మాత్రం, ప్రయాణికురాలు భయపడి నా చెయ్యి లాగడంవల్లే ఇలా అయిందని రాశాను.

ఆవిడ నడుములో ఎముక చిట్లింది. "తప్పు నాదే బాబూ, భయంతో పట్టేసినాను" అని మంచంమీద నుంచి అనేది. ఆవిడ కొడుకు నవ్వేవాడు. "మా అమ్మకి బస్సే బెస్ట్. అక్కడ తాడు లాగితే గంట మోగుద్ది, అంతే." ఆవిడ మొహం తిప్పుకునేది. నేను అన్నం కలుపుకుంటూ వినేవాణ్ణి.

మూడోవారం ఆవిడ ఇక ఎవరి కారులోనూ ముందు కూర్చోనంది. తన చెయ్యి మంచిది కాదట. అప్పుడు మంచం పక్కనే కూర్చుని జరిగినదంతా చెప్పాను, కాగితంలో రాసినదానితో సహా.

ఆవిడ దిండు మీంచి తల ఎత్తింది.

"మరి ఇన్నాళ్ళూ తప్పు నాదని నన్నెందుకు అననిచ్చినావు?"

మళ్ళీ ఆవిడే అంది.

"నా కొడుక్కి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు."

సాయంత్రం అతనికి చెప్పాను. గది ఖాళీ చెయ్యమంటాడనుకున్నాను. లేచి తల్లి గదిలోకి వెళ్ళాడు. మర్నాడు క్లబ్బుకెళ్ళి, నేను రాసింది అబద్ధమని, తప్పు పూర్తిగా నాదేనని రాసి సంతకం పెట్టాను. క్లబ్బువాళ్ళు నన్ను విమానం నడపనివ్వడం ఆపేశారు.

ఆవిడ నడుము కుదుటపడేదాకా ప్రతి బుధవారం సెలవు పెట్టి ఆసుపత్రికి నేనే కారులో తీసుకెళ్ళాను. చాలా వారాలు ఆవిడ వెనక సీట్లోనే కూర్చుంది, తన చేతికి భయపడి కాదు, నా మీద కోపంతో.